వంశం చెరపరాదు, వాకిలి మూయరాదు

(అనాథ బాలల సంరక్షణపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



అంతర్జాతీయ దత్తతలో మత విశ్వాసం నిర్వహించే పాత్రను గురించి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు మమ్మల్ని కోరారు. మేము ఆలిములము కాము, న్యాయవాదులమూ కాము. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగం చేసి, జీవితమంతా దస్త్రాల నడుమ గడిపి, పదవీ విరమణ తరువాత సంఘసేవలో పడినవారము. కనుక పాండిత్యంతో కాక, ఒక తప్పును ఒప్పుకోవడంతో ఈ ప్రసంగాన్ని ప్రారంభిస్తున్నాము.

కొన్నేళ్ల క్రితం మా పట్టణంలో కూలిపని చేసుకునే ఒక వితంతువు మరణించింది. ఆమెకు మూడేళ్ల ఆడపిల్ల. బంధువులు నిరుపేదలు, తమ పిల్లలకే పూట గడవనివారు. ఆ సమయంలో సంతానం లేని ఒక దంపతులు మా కమిటీ వద్దకు వచ్చారు. "ఆ బిడ్డను మేము పెంచుకుంటాము, మార్గం చెప్పండి" అని అడిగారు. మేము క్షణం ఆలోచించకుండా, "దత్తత మన ధర్మంలో లేదు కదా" అన్నాము. వారు తలవంచుకొని వెళ్లిపోయారు. బిడ్డ శిశుగృహానికి చేరింది. ఆ తరువాత ఏమైందో ప్రసంగం చివర చెబుతాము. ఎందుకంటే, ప్రపంచంలో ఏమి జరిగిందో తెలుసుకున్న తరువాతనే మా తప్పు ఎంత పెద్దదో మాకు అర్థమైంది.

సోదరులారా! ఒక దేశపు బిడ్డ మరొక దేశపు ఇంటికి చేరడమనేది నేడు మనము చూస్తున్న రూపంలో ఒక యుద్ధం తరువాత బలపడింది. 1955లో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రానికి చెందిన హ్యారీ హోల్ట్ అనే రైతు కొరియా యుద్ధంలో దిక్కులేనివారైన ఎనిమిది మంది పిల్లలను దత్తత తీసుకున్నాడు. అందుకోసం అమెరికా కాంగ్రెసు ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. ఆయన గాఢమైన క్రైస్తవ విశ్వాసి. ఆ విశ్వాసమే ఆయనను కదిలించింది. తరువాత ఆయన స్థాపించిన సంస్థ ద్వారా వేలాది కొరియా బిడ్డలు సముద్రం దాటారు. ఆ బిడ్డలను స్వీకరించే కుటుంబాలు తన వలెనే దృఢమైన క్రైస్తవ విశ్వాసం గలవి కావాలని ఆయన పట్టుబట్టేవాడు.

ఆయన సంకల్పాన్ని మేము శంకించడం లేదు. ఆకలితో అలమటించే బిడ్డకు అన్నం పెట్టిన చేయి ఏ మతస్థునిదైనా గౌరవింపదగినదే. అయితే కాలక్రమంలో అదొక యంత్రాంగమైంది. విదేశాలలో బిడ్డలను కోరేవారు పెరిగిన కొద్దీ, ఇక్కడ బిడ్డలను "అనాథలు"గా చూపే కాగితాలూ పెరిగాయి. తల్లిదండ్రులు ఉన్నవారిని కూడా అనాథలుగా నమోదు చేశారని, ఒక బిడ్డ వివరాలను మరొక బిడ్డకు అంటగట్టారని, ఈ అక్రమాలలో ప్రభుత్వ బాధ్యత ఉన్నదని దక్షిణ కొరియాకు చెందిన సత్య నిర్ధారణ సంఘమే 2025 మార్చిలో ప్రకటించింది. నడివయస్సు దాటిన మనుషులు నేడు విదేశాల నుండి వచ్చి, తమను కన్నతల్లి ఎవరని కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నారు. ఒక కాగితంలో ఒక గడిని తప్పుగా నింపితే ఒక మనిషి జీవితమంతా తప్పిపోతుందని మా వంటి గుమాస్తాలకు వేరే చెప్పనవసరం లేదు.

"రక్షిస్తున్నాము" అనే నమ్మకం ఎంత బలమైనదో, ఎంత గుడ్డిదో చూపే ఘటనలు మరికొన్ని ఉన్నాయి. 2007 అక్టోబరులో ఆఫ్రికాలోని చాద్ దేశంలో ఒక ఫ్రెంచి సంస్థ 103 మంది పిల్లలను విమానంలో ఫ్రాన్సుకు తరలించబోతూ పట్టుబడింది. వారంతా డార్ఫర్ యుద్ధంలో అనాథలైనవారని ఆ సంస్థ చెప్పింది. ఐక్యరాజ్యసమితి సంస్థలు, రెడ్‌క్రాస్ ఆ పిల్లలతో మాట్లాడగా, 91 మంది తాము తల్లిగానో తండ్రిగానో భావించే పెద్దల వద్ద కుటుంబాలలో పెరుగుతున్నవారేనని తేలింది. అది మత సంస్థ కాదు. అయినా, మా ఇంటికి వస్తేనే ఈ బిడ్డ బాగుపడుతుందనే విశ్వాసం అక్కడ మతం చేసే పనినే చేసింది. 2010 జనవరిలో హైతీ భూకంపం తరువాత పది మంది అమెరికన్ బాప్టిస్టులు 33 మంది పిల్లలను సరైన అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటించబోయి అరెస్టయ్యారు. ఆ పిల్లలలోనూ అనేకుల తల్లిదండ్రులు బతికే ఉన్నారు.

ముస్లిం సమాజానికి నేరుగా తాకిన ఘటన 2005 జనవరిలో జరిగింది. సునామీలో సర్వం కోల్పోయిన ఇండొనేషియాలోని ఆచే ప్రాంతపు ముస్లిం బిడ్డలు మూడు వందల మందిని జకార్తాలో క్రైస్తవ శరణాలయంలో పెంచాలని ఒక అమెరికన్ మత సంస్థ తలపెట్టింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. సంస్థ ఆ ఆలోచనను విరమించుకున్నది. ఇండొనేషియాలో అప్పటికే, 2002లో చేసిన బాలల రక్షణ చట్టంలో, దత్తత తీసుకునేవారి మతమూ బిడ్డ మతమూ ఒకటే కావాలనే నియమం ఉన్నది. బిడ్డ పుట్టుక తెలియనప్పుడు ఆ ప్రాంతంలోని అధిక సంఖ్యాకుల మతాన్ని బిడ్డ మతంగా పరిగణించాలని కూడా ఆ చట్టం చెబుతున్నది. ఇదే నియమాన్ని ముస్లింలు అల్పసంఖ్యాకులుగా ఉన్న దేశంలో అమలు చేస్తే ఏమవుతుందో ఆలోచించండి. కనుక మనము కోరవలసింది అధిక సంఖ్యాకుల హక్కును కాదు, బిడ్డ హక్కును.

బిడ్డ హక్కు అంటే ఏమిటో నార్వేలో ఒక తల్లి చేసిన న్యాయపోరాటం చెబుతుంది. సోమాలియాకు చెందిన ఆ ముస్లిం యువతి 2010లో పసిబిడ్డతో నార్వే చేరింది. అధికారులు బిడ్డను ఆమె నుండి తీసుకొని సంరక్షక కుటుంబానికి అప్పగించారు. సోమాలీ కుటుంబానికో, ముస్లిం కుటుంబానికో ఇమ్మని ఆమె కోరింది. బిడ్డ ఒక క్రైస్తవ కుటుంబానికి చేరాడు. కొన్నేళ్ల తరువాత ఆ కుటుంబానికే దత్తత ఇవ్వడానికి న్యాయస్థానం అనుమతించింది. యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానంలో ఆమె వాదన వినండి. బిడ్డను తిరిగి ఇమ్మని ఆమె అడగలేదు. అతడు వారికి అలవాటుపడ్డాడని ఆమెకు తెలుసు. తనతో, తన విశ్వాసంతో అతనికున్న ముడిని పూర్తిగా తెంపివేసే దత్తత మాత్రం వద్దన్నది. 2021 డిసెంబరు 10న ఆ న్యాయస్థానపు విస్తృత ధర్మాసనం ఏకగ్రీవంగా ఆమె పక్షాన తీర్పు చెప్పింది. కుటుంబ జీవన హక్కుకు భంగం కలిగిందని, తల్లి మతాన్ని, సంస్కృతిని తగినంతగా పరిగణించలేదని పేర్కొన్నది.

అదే తీర్పులో మనము వినవలసిన మాట మరొకటి ఉన్నది. తల్లి మతానికి చెందిన ఇల్లే దొరకాలని రాజ్యాన్ని నిర్బంధించలేము, అందుకు తగిన ప్రయత్నం చేయడమే రాజ్యం బాధ్యత అని న్యాయస్థానం భావించింది. అధికారులు వెతికారు, తగిన ముస్లిం ఇల్లు దొరకలేదు. సోదరులారా, మనము తలుపు తెరిచి ఉంచకపోతే, తలుపు తట్టేవాడు మాత్రం ఏమి చేయగలడు?

ఇప్పుడు మన ధర్మం ఏమంటున్నదో చూద్దాము. దివ్య ఖుర్ఆన్‌లోని అహ్‌జాబ్ సూరా 4, 5 ఆయతులు, నోటితో కొడుకని పిలిచినంత మాత్రాన కన్నకొడుకు కాడని, పెంచుకున్నవారిని వారి తండ్రుల పేర్లతోనే పిలవాలని, తండ్రులు ఎవరో తెలియకపోతే వారు మీ ధార్మిక సోదరులని బోధిస్తున్నాయి. ఆ ఆయతులు అవతరించేవరకు హజ్రత్ జైద్ (రజి)ను ప్రజలు ముహమ్మద్ కుమారుడైన జైద్ అని పిలిచేవారు. తరువాత హారిసా కుమారుడైన జైద్ అని పిలిచారు. పేరు మారింది గాని ప్రేమ మారలేదు. జైద్‌పై, ఆయన కుమారుడు ఉసామాపై దైవప్రవక్త (స)కు ఉన్న వాత్సల్యం సీరత్ చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు.

కనుక ధర్మం నిషేధించినది బిడ్డ పుట్టుకను దాచడాన్ని, కన్నవారి పేరును చెరపడాన్ని. బిడ్డను పెంచడాన్ని నిషేధించలేదు సరికదా, అనాథను పోషించేవాడు స్వర్గంలో తన పక్కనే ఉంటాడని ప్రవక్త (స) రెండు వేళ్లు చూపి చెప్పారు. ఆ మాట చెప్పినవారు స్వయంగా అనాథగా పెరిగినవారు. పోషణ, రక్షణ, విద్య, ప్రేమ అన్నీ ఇచ్చి, వంశాన్ని మాత్రం బిడ్డకే వదిలిపెట్టే ఈ పద్ధతికి కఫాలా అని పేరు. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణం కఫాలాను పేరుపెట్టి గుర్తించింది. బిడ్డ మత, భాషా, సాంస్కృతిక నేపథ్యాన్ని పరిగణించాలని కూడా అదే అధికరణం చెబుతున్నది. అంతర్జాతీయ దత్తతపై 1993లో కుదిరిన హేగ్ ఒప్పందంలోనూ ఈ నేపథ్యాన్ని పరిగణించాలనే నియమం ఉన్నది. మన దేశం 2003లో ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. కొరియా బిడ్డలు వృద్ధాప్యంలో వెతుక్కుంటున్న దానినే మన గ్రంథం పద్నాలుగు శతాబ్దాల క్రితం బిడ్డ సొత్తుగా ప్రకటించింది.

అయితే గర్వపడి ఇక్కడే ఆగిపోతే అన్యాయమవుతుంది. కఫాలా సరిహద్దు దాటేటప్పుడు బిడ్డ ఎన్ని ఇబ్బందులు పడుతున్నదో కూడా చూడాలి. కఫాలాను దత్తతగా గుర్తించని దేశాలు ఉన్నాయి. ఫ్రాన్సులో 2001 నాటి చట్టం ప్రకారం, బిడ్డ స్వదేశపు చట్టం దత్తతను నిషేధిస్తే ఆ బిడ్డను సాధారణంగా దత్తత తీసుకోరాదు. అల్జీరియా నుండి తెచ్చుకున్న బిడ్డ కోసం ఒక మహిళ చేసిన ఫిర్యాదుపై 2012లో యూరోపియన్ న్యాయస్థానం ఫ్రాన్సు చట్టాన్నే సమర్థించింది. అదే ఏడాది మొరాకో ప్రభుత్వం విదేశాలలో నివసించేవారికి కఫాలా ఇవ్వరాదని తన న్యాయాధికారులకు సూచించింది. తమకు పరిచయమైన పిల్లల కోసం అక్కడి శరణాలయాల చుట్టూ తిరుగుతున్న విదేశీ దంపతులు ఎటూ తేలక నిలిచిపోయారు. 2013లో కెనడా పాకిస్తాన్ నుండి దత్తతలను నిలిపివేసింది. అక్కడి న్యాయస్థానాలు ఇచ్చేది సంరక్షకత్వమే గాని దత్తత కాదన్నది కారణం. మరోవైపు ట్యునీషియా 1958లోనే దత్తతను చట్టబద్ధం చేసింది. అంటే ముస్లిం దేశాలన్నీ ఒకే దారిలో లేవు. రెండు న్యాయవ్యవస్థలు ఒకదాని భాష ఒకటి అర్థం చేసుకోనప్పుడు మధ్యలో నిలిచిపోయేది శరణాలయపు మంచం మీది బిడ్డే.

ఇక మన దేశానికి వద్దాము. 1956 నాటి హిందూ దత్తత చట్టం మనకు వర్తించదు. 1972లో అన్ని మతాలకు ఒకే దత్తత బిల్లు తెచ్చినప్పుడు మన సమాజం వ్యతిరేకించింది, బిల్లు ముందుకు సాగలేదు. చాలాకాలం మనకు, విదేశీయులకు కూడా 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టమే ఆధారం. విదేశీ దంపతులు ఇక్కడ సంరక్షకులుగా నియమితులై, తమ దేశంలో దత్తత పూర్తి చేసుకునేవారు. ఆ ముసుగులో జరిగే అక్రమాలను అరికట్టడానికే 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా అక్రమాలు ఆగలేదు. హైదరాబాదు కేంద్రంగా, మన తండాలలోని నిరుపేద లంబాడా తల్లుల నుండి ఆడశిశువులను కొని విదేశాలకు పంపిన వ్యవహారం 1999లో, మళ్లీ 2001లో బయటపడింది. పేదరికం ఉన్నచోట ఏ మతపు తల్లి అయినా ఒకటేనని ఆ ఘటన చాటింది.

2014 ఫిబ్రవరి 19న షబ్నమ్ హష్మీ కేసులో సుప్రీంకోర్టు, బాలల న్యాయ చట్టం కింద ఏ మతస్థుడైనా దత్తత తీసుకోవచ్చునని తేల్చింది. ఆ కేసులో ముస్లిం పర్సనల్ లా బోర్డు కఫాలా విధానాన్ని న్యాయస్థానం ముందుంచింది. ఆ చట్టం అవకాశమే గాని నిర్బంధం కాదని, తన విశ్వాసం ప్రకారం నడుచుకునే స్వేచ్ఛ ప్రతివారికి ఉన్నదని తీర్పు స్పష్టం చేసింది. మన విశ్వాసానికి ఎవరూ అడ్డు రాలేదు. మరి మన వాకిళ్లు ఎందుకు మూసి ఉన్నాయి?

ఎందుకంటే "దత్తత హరామ్" అన్న సగం మాట మనకు కంఠస్థమైంది. "కఫాలా ఉన్నది" అన్న మిగిలిన సగం మన నాలుక మీదికి రాలేదు. జుమా ఖుత్బాలలో, వివాహ సభలలో, మా వంటి కమిటీల సలహాలలో ఆ సగమే వినిపించింది. ఇతరులు మన బిడ్డలను తీసుకుపోతున్నారని ఆవేశపడేవారిని ఎందరినో చూశాము. ఆ బిడ్డకు ఒక గది, ఒక కంచం ఇస్తామన్నవారిని అరుదుగా చూశాము. వచ్చిన ఒకరినీ మేమే వెనక్కి పంపాము.

అందుకే ఈ సభ ముందు కొన్ని ఆచరణ సాధ్యమైన విషయాలు ఉంచుతున్నాము.

మొదటిది: తల్లిదండ్రులు పోయిన బంధువుల బిడ్డను పెంచదలచినవారు నోటిమాటతో సరిపెట్టుకోకుండా జిల్లా కోర్టులో 1890 చట్టం కింద సంరక్షకత్వ ఉత్తర్వు పొందాలి. ఆ చట్టం 17వ సెక్షన్ సంరక్షకుని నియమించేటప్పుడు బిడ్డ మతాన్ని కూడా పరిగణించమని చెబుతున్నది. పాస్‌పోర్టు దరఖాస్తులో చట్టబద్ధ సంరక్షకుని పేరు ఇచ్చే వీలు 2016 డిసెంబరు నుండి ఉన్నది. తండ్రి గడిలో అబద్ధం రాయవలసిన అవసరం లేదు.

రెండవది: దిక్కులేని బిడ్డ కనిపిస్తే ఆసుపత్రి నుండో, వీధి నుండో నేరుగా ఇంటికి తీసుకుపోరాదు. అది నేరమవుతుంది. 1098కి ఫోను చేసి బాలల సంక్షేమ సమితికి తెలియజేయాలి. బాలల న్యాయ చట్టం 44వ సెక్షన్ కింద పోషక సంరక్షణ అనే ఏర్పాటు ఉన్నది. అందులో వంశం చెరిగిపోదు, కఫాలాకు అది ఎంతో దగ్గరగా ఉన్నది. ప్రతి పట్టణంలో పది ముస్లిం కుటుంబాలైనా దీనికి ముందుగానే పేర్లు ఇవ్వాలి.

మూడవది: గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న మన తెలుగు ముస్లిం సోదరులు బంధువుల బిడ్డను తీసుకువెళ్లాలనుకుంటే సంరక్షకత్వ పత్రం చాలునని భ్రమపడరాదు. సరిహద్దు వద్ద దాని విలువ వేరు. బంధువుల అంతర్దేశ దత్తతకు 2015 చట్టం 60వ సెక్షన్‌లో ప్రత్యేక విధానం ఉన్నది. ఆ చట్టం కింద దత్తత పూర్తయితే, చట్టం దృష్టిలో కన్నవారితో బంధం తెగిపోతుంది. కనుక ముందుగా ఆలిములను, న్యాయవాదిని ఇద్దరినీ సంప్రదించండి.

నాలుగవది: పెంచిన బిడ్డకు వారసత్వం రాదని భయపెట్టడం మానుకుందాము. జీవించి ఉండగా హిబా ద్వారా ఇవ్వవచ్చు, మూడవ వంతు మించకుండా వసీయత్ రాయవచ్చు. పర్దా విషయంలో, రెండేళ్లలోపు బిడ్డకు పాలిస్తే ఏర్పడే బంధం గురించి ఫిఖ్ గ్రంథాలలో విస్తారంగా ఉన్నది. ఆలిములు ఈ మార్గాలను ప్రజలకు వివరించాలి.

ఐదవది: బిడ్డకు నిజం చెప్పండి. కన్నవారి పేరు, ఊరు, లభించిన ప్రతి కాగితం ఒక సంచిలో భద్రపరచి, వయసు వచ్చాక చేతికి అందించండి.

ఇక మేము మొదట చెప్పిన బిడ్డ సంగతి. శిశుగృహంలో కొంతకాలం గడిచింది. బంధువులెవరూ రాలేదు. చట్టం నిర్దేశించిన ప్రకటనలు వెలువడ్డాయి, గడువులు ముగిశాయి. విదేశీ దంపతులకు దత్తత ఇచ్చారు. మాకు తెలిసేటప్పటికి ఆ బిడ్డ సముద్రం దాటిపోయింది. మేము ఆవేశంగా వెళ్లి దస్త్రం చూపమని అడిగాము. అధికారులు ఓపికగా విషయమంతా వివరించారు. ఎక్కడా లోపం లేదు. శిశుగృహం తప్పు చేయలేదు, అధికారి తప్పు చేయలేదు, ఆ దంపతులు మంచివారేనని అందరూ చెప్పారు. స్థానికంగా తగిన కుటుంబం ముందుకు రాలేదన్నది వారి మాట. ముందుకు వచ్చిన కుటుంబాన్ని వెనక్కి పంపింది మేము. ఆ బిడ్డ ఎక్కడున్నా అల్లాహ్ చల్లగా చూడాలి. రేపు ఆమె తన తల్లిని వెతుక్కుంటూ వస్తే చూపడానికి ఆ తల్లి పేరు, ఖబరస్తాన్‌లో ఆమె సమాధి ఉన్న స్థలం మా కమిటీ పుస్తకంలో రాసి ఉంచాము. మేము చేయగలిగినది ఇక అంతే.

సోదర సోదరీమణులారా! ఆలి ఇమ్రాన్ సూరాలో హజ్రత్ మర్యమ్ (అలై) వృత్తాంతం ఉన్నది. ఆ పసిబిడ్డను ఎవరు పోషించాలన్న విషయంపై పెద్దలు వాదులాడుకొని, చివరకు కలాలు వేసి చీటీ తీసుకున్నారు. ఆ భాగ్యం హజ్రత్ జకరియ్యా (అలై)కు దక్కింది. అక్కడ ఖుర్ఆన్ వాడిన మాట కఫాలాకు మూలమైన మాటే. ఒక బిడ్డను పెంచే భాగ్యం కోసం పోటీపడినవారి కథ మన గ్రంథంలో ఉన్నది. అటువంటి పోటీ మన పట్టణాలలో, మన మహల్లాలలో కూడా జరగాలని కోరుకుంటున్నాము. ఈ సభ ముగిసేలోగా నిర్వాహకుల వద్దనున్న పుస్తకంలో పోషక కుటుంబాలుగా పేర్లు నమోదు చేయించుకోవలసిందిగా వేడుకుంటున్నాము. మొదటి పేరు మాది. మా వయసుకు బిడ్డను ఇవ్వరని అంటే, మా కుమారుడు, కోడలు అంగీకరించి సంతకం చేశారు.

అనాథ బిడ్డల విషయంలో అల్లాహ్ మన నిర్లక్ష్యాన్ని క్షమించి, మన ఇళ్లను, హృదయాలను వారికోసం తెరుచుగాక. ఆమీన్.

వ ఆఖిరు దావానా అనిల్ హమ్దులిల్లాహి రబ్బిల్ ఆలమీన్.